శుక్రవారం సెలవు

కందుకూరు శాఖా గ్రంథాలయం.
పొద్దున ఎనిమిది నుంచి పదకొండు,
సాయంత్రం నాలుగు నుంచి ఏడు.
బోర్డు మీద జిల్లా పేరు మార్చారు.
పాత అక్షరాలు కొత్త రంగు కిందనుంచి
ఇంకా తొంగిచూస్తూనే ఉంటాయి.
పుస్తకాల లోపలి ముద్ర మాత్రం
పడింది పడినట్టే ఉంది,
ఊదారంగు, కొంచెం పక్కకు ఒరిగి.

నేను ఉద్యోగానికొచ్చిన ఏడాది
నవలల బీరువా తాళంచెవి మెడలో తాడుకు కట్టుకు తిరిగేదాన్ని.
ఆడవాళ్లు గుమ్మం దగ్గరే అడిగేవాళ్లు,
"మొదటి భాగం వచ్చిందా అమ్మాయ్?"
మొదటి భాగం ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండేది.
ఇప్పుడా బీరువాకు తాళం వెయ్యను.
ఎత్తుకుపోయేవాడంటూ వస్తే
ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను.

ఇప్పుడొచ్చేవాళ్లు వేరు.
గేటు తియ్యకముందే పిల్లలు,
కానిస్టేబులుకు కొందరు, డీఎస్సీకి కొందరు.
ఎవరి పుస్తకాలు వాళ్లే మోసుకొస్తారు,
మా అలమరలకు వీపు పెట్టి కూర్చుంటారు.
ఫ్యాను కింద బల్ల, ఒక ప్లగ్గు,
ఇంట్లో దొరకనంత నిశ్శబ్దం, అంతే కావాలి.
పెంచలయ్య పరుగు తీసొచ్చిన బూట్లు బయట వదిలి
తడిచొక్కాతోనే చరిత్ర బిట్లు గొణుగుతాడు.
మూడేళ్లుగా గొణుగుతున్నాడు.
పరీక్షలు వాయిదా పడతాయి, వాడు పడడు.

తొమ్మిదింటికి మస్తాన్‌బీ.
చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచినిండా జిరాక్సులు.
పింఛను ఆగింది. వేలిముద్ర పడటం లేదు.
నలభై ఏళ్లు పొగాకు గ్రేడింగు చేసిన వేళ్లు,
తమ గీతలన్నీ ఆ ఆకులకే అప్పజెప్పినట్టున్నాయి.
మిషను ఆమెను ఆమె కాదంటుంది.
నేను అర్జీ రాస్తాను.
"ఇందులో నా పేరేడుండాదో చూపీ" అంటుంది.
చూపిస్తాను.
ఆకు నాణ్యం చూసినట్టు
వేలి కొసతో ఒకసారి తడిమి, తలూపుతుంది.

నెలాఖరుకు పై ఆఫీసుకు లెక్క పంపాలి.
పాఠకులెందరు, ఇచ్చినవెన్ని, తిరిగొచ్చినవెన్ని.
మస్తాన్‌బీని ఏ గడిలో వెయ్యను?
మూడేళ్లలో మా పుస్తకమొక్కటీ ముట్టని పెంచలయ్యని?
వేలంలో పొగాకు ఎంత పలికిందో వినటానికొచ్చే
చూపులేని మాలకొండయ్య తాతని,
పేపరు ఎవరో ఒకరు చదివిపెట్టాలి ఆయనకు,
పాఠకుడనే రాయనా?
మొదట్లో అందర్నీ వదిలేసేదాన్ని.
ఈ శాఖ అవసరమా అని కాయితం వచ్చాక
అర్జీ రాస్తే ఒకటి వేస్తున్నాను,
పేపరు వింటే ఒకటి.
ఫోను చార్జింగుకు పెట్టి కునుకుతీసినవాడి దగ్గర
కలం కాసేపు ఆగుతుంది.
సరే, వాడూ ఒకటి.

పోయిన శుక్రవారం.
కళ్లజోడు బల్లమీద మర్చిపోయి వెళ్లాను,
తాళంచెవి అటెండరు ఇంట్లో ఉందని వచ్చాకే గుర్తొచ్చింది.
మెట్ల మీద పెంచలయ్య, పక్కన తాత.
పేపరు మడిచి పక్కన పడేసి ఉంది.
వాడి ఒళ్లో అట్ట చినిగిన పుస్తకం,
ఊదారంగు, పక్కకు ఒరిగిన ముద్ర.

వాడు లేచి నిలబడ్డాడు.
"నిన్న సాయంత్రం చెప్పకుండా తీసుకున్నా అక్కా.
పేపరు అయిపోయింది, ఇంకేదన్నా చదవమంటన్నాడు తాత.
రెండో భాగమే దొరికింది."

"మొదటిది నాకు తెలుసులే అబ్బయ్యా" అన్నాడు తాత.
"బ్యారన్ కాడ రాత్రంతా నేను మంట ఎగేస్తా ఉంటే
మా ఆడమనిషి ఆ ఎలుతుర్లో చదివేది.
నిద్దర రాకుండా గట్టిగా చదివేది."

కుర్చీ వేద్దామంటే లోపల తాళం.
కింది మెట్టు మీద నేనూ కూర్చున్నాను.
పామూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయేదాకా ఆగి
తాత గొంతు సవరించుకున్నాడు.
వాడు పేజీలో వేలు పెట్టుకుని
తన వంతు కోసం చూస్తున్నాడు.

రిజిస్టరులో శుక్రవారానికి గడి లేదు.